మీ పాత రౌటర్లు ఎందుకు ఆలస్యమవుతున్నాయంటే

ద్వారకా నగర్ దుకాణంలో రౌటర్లు ఇచ్చి వెళ్లినవారికి, ముఖ్యంగా ఎంవీపీ కాలనీలో హాస్టళ్లు, రుషికొండ వైపు హోమ్‌స్టేలు నడిపేవారికి ఈ నాలుగు మాటలు. పాత రౌటర్లో కొత్త సాఫ్ట్‌వేర్ వేయించుకోవడానికి ఉదయం ఇచ్చి సాయంత్రం పట్టుకెళ్లడం ఇక కుదరదు. మర్నాడు సాయంత్రం అనుకోండి. ఛార్జీ కూడా కొంత పెరుగుతుంది. ఎందుకో చెప్పకుండా డబ్బు పెంచడం మాకు నచ్చదు కనుక విషయం రాస్తున్నాం.

ప్రతి వైఫై రౌటర్నీ ఫ్యాక్టరీలో విడివిడిగా కొలుస్తారు. ఏ ఛానెల్లో ఎంత శక్తితో ప్రసారం చేయాలి, ఏ యాంటెన్నాలు వాడాలి, ఏ దేశపు నిబంధనలు పాటించాలి అన్నవి ఫ్లాష్ మెమరీలో ఒక మూల రాసిపెడతారు. అథెరోస్ చిప్పులున్న రౌటర్లలో ఆ భాగాన్ని ఆర్ట్ అంటారు. కొత్త సాఫ్ట్‌వేర్ వేశాక దానికి మూలమైన లినక్స్‌లోని ఏథ్9కే డ్రైవర్ (వైఫై చిప్పును నడిపే ప్రోగ్రామ్) ఆ కొలతలనే చదువుకుని రేడియోను నడుపుతుంది.

చిక్కంతా ఆ చదవడంలోనే ఉంది. బైటు అంటే 0 నుంచి 255 వరకు పట్టే ఒక గడి. రెండు బైట్లు పట్టే సంఖ్యను పెద్ద బైటు (256లు ఎన్నో చెప్పేది) ముందు పెట్టీ రాయవచ్చు, చిన్న బైటు (మిగిలినది చెప్పేది) ముందు పెట్టీ రాయవచ్చు. మన ఫోన్లు, కంప్యూటర్లు చిన్నదాన్ని ముందు పెడతాయి. పాత రౌటర్లలోని మిప్స్ రకం ప్రాసెసర్లలో పెద్దదాన్ని ముందు పెట్టేవి చాలా ఉన్నాయి. భారతదేశానికి అంతర్జాతీయంగా ఇచ్చిన సంఖ్య 356నే తీసుకోండి. బైట్లలో అది 1, 100, అంటే ఒక 256, పైన 100. తిరగేసి చదివితే 25,601. అలాంటి దేశమే లేదు! డ్రైవర్ అక్కడే మొండికేసి ఆగిపోతే అదృష్టమే, తప్పు వెంటనే తెలిసిపోతుంది. సగం సరిగ్గా, సగం తలకిందులుగా చదివి పనిచేస్తున్నట్టు నటించే రౌటరే మమ్మల్ని ఏడిపిస్తుంది. పక్క గదికి కూడా సిగ్నల్ అందదు. అందరూ యాంటెన్నాను, లేదంటే సముద్రపు గాలిని తిడతారు.

వరుస తెలియడానికి ఆ కొలతల మొదట్లో 165, 90 అనే రెండు బైట్ల గుర్తు ఉంటుంది. ఏది ముందుందో చూస్తే సరిపోవాలి. కొన్ని మోడళ్లలో సరిపోదు. గుర్తు ఒక వరుసలో, లోపలి అంకెలు మరో వరుసలో ఉంటాయి. చెక్‌సమ్ (డేటా పాడైందో లేదో చూసే లెక్క) ఆ తప్పును పట్టేస్తుంది కదా అని కొంచెం తెలిసినవారు అడుగుతారు. పట్టదు. ఆ లెక్కలో రెండేసి బైట్ల జతలన్నిటినీ ఎక్సార్ చేస్తే (ఒక్కో బిట్టు స్థానంలో ఒకట్లు బేసి అయితే 1, సరి అయితే 0 రాస్తే) పదహారు బిట్లూ ఒకట్లు రావాలి. ప్రతి జతనూ తిరగేసినా వచ్చేది అవే పదహారు ఒకట్లు. తప్పుడు వరుసకు కూడా దర్జాగా ఉత్తీర్ణత పత్రం ఇచ్చేస్తుంది.

అందుకే ఇప్పుడు ప్రతి రౌటర్ ఆర్ట్ భాగాన్నీ ముందు కాపీ తీసి, బైట్లు తెరపై పరిచి కళ్లతో చూస్తున్నాం. మాకు బాగా పనికొచ్చేది రౌటర్ అడుగున ఉండే స్టిక్కర్. దానిమీద మ్యాక్ చిరునామా (ప్రతి పరికరానికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య), ఉదాహరణకు, 00-03-12-34-56-78 అని ఉండి, లోపల 03-00-34-12-78-56 కనిపిస్తే మొత్తం భాగాన్నే జతలుజతలుగా తిప్పి రాశారన్నమాట. పైగా మొదటి బైటు బేసి సంఖ్య అయితే అది ఒక పరికరానికి పెట్టే చిరునామాయే కాదు. అలా కాక చిరునామా బాగానే ఉండి, రెండు బైట్ల అంకెలు మాత్రమే తిరగబడి ఉంటే మందు వేరు. మొత్తాన్నీ తిప్పితే బాగున్నవి కూడా పాడవుతాయి, కాబట్టి ఆ అంకెలను మాత్రమే తిప్పి చదివేలా డ్రైవర్‌కు చెప్పాలి. ఒకే మోడల్ రౌటర్లు పది తెచ్చినా ఈ తనిఖీ ప్రతిదానికీ ఉంటుంది. సమయం ఇక్కడే పోతోంది.

మరో సంగతి. అదే మోడల్ మరో రౌటర్లోని కొలతలను మక్కికి మక్కి దించేస్తే తక్కువలో అయిపోతుందని కొందరు మీకు చెప్పి ఉంటారు. మేము చేయం. పక్కింటివారి కళ్లజోడు పెట్టుకుని నడిచినట్టే ఉంటుంది. పైగా రెండు రౌటర్లకూ ఒకే మ్యాక్ చిరునామా వచ్చి, ఒకే భవనంలో ఉంటే ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఆర్ట్ భాగం ఇప్పటికే చెరిగిపోయి, కాపీ కూడా లేని రౌటర్లను మొహమాటం లేకుండా వెనక్కి ఇచ్చేస్తున్నాం, వాటికి రుసుము తీసుకోవడం లేదు.

ఇదివరకు మా దగ్గర సాఫ్ట్‌వేర్ వేయించుకున్న రౌటర్లో సిగ్నల్ బలహీనంగా ఉంటే తెచ్చి చూపించండి, ఆ తనిఖీ ఉచితం. అడుగున స్టిక్కర్ చింపకండి, అడాప్టర్ మరిచిపోకండి. ఆదివారం దుకాణం ఉండదు.