పార్టీ పేరే మనిషికి కొలతా?

సంపాదకునికి,

ఎన్నికలు దగ్గరపడితే చాలు, ఎదుటివారు ఏ పార్టీ మనుషులో ఆరా తీయడం మొదలవుతోంది. అది తెలిశాక వారు ఏం చెప్పినా వినే ఓపిక ఉండదు. 1970 ప్రాంతంలో హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు బాలురను చిత్రకారులు గీసిన బొమ్మల ఇష్టాయిష్టాల పేరుతో రెండు జట్లుగా విడదీశారు. ఎవరో తెలియకపోయినా సొంత జట్టువారికే వారు ఎక్కువ డబ్బు కేటాయించారు. ఉత్తుత్తి జట్టుకే అంత మమకారమైతే, జెండా, నినాదం, నాయకుడు తోడైతే ఇక చెప్పాలా! ఓటర్లలో కొందరు అభ్యర్థిని చూస్తారు, కొందరు ఒకే ఒక్క హామీని నమ్ముతారు, ఇంకొందరు అవతలివారిపై కోపంతో వేస్తారు. అందరికీ ఒకే ముద్ర వేయడం ఒట్టి బద్ధకం. పార్టీల విధానాలను ఎంత గట్టిగానైనా విమర్శించండి, నాయకులను నిలదీయండి. ఉద్యోగం, అద్దె ఇల్లు, పెళ్లి సంబంధం దగ్గర మాత్రం పార్టీ ఊసెత్తకండి.

– ఒక పాఠకురాలు