పురమందిరం నాటకానికి ముందు: గొంతు, మీసం, ఇల్లు

అన్నలకూ అక్కలకూ నమస్కారం. మార్చి 27, ప్రపంచ రంగస్థల దినోత్సవం నాడు నెల్లూరు పురమందిరంలో (టౌన్ హాల్లో) పద్యనాటకం వేసేవాళ్లకు ఈ నాలుగు మాటలు.

గొంతు ఎక్కువగా పోయేది ముందురోజు రిహార్సల్లోనే. ఆ పూట పద్యాలు సగం గొంతుతో అనుకోండి చాలు. బొంగురుపోతే గుసగుసలాడొద్దు, గొంతు ఇంకా బిగుసుకుంటుంది. పూర్తిగా మౌనంగా ఉండండి. హార్మోనియం మాస్టారికి ముందే చెప్పి అర శ్రుతి దించుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. సమాసం మధ్యలో ఊపిరి తీస్తే అర్థం తెగిపోతుంది. ఊపిరి తీసే చోట్ల ప్రతిలో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. చప్పట్ల కోసం ఆలాపన సాగదీస్తే ఎదుటి నటుడు ఊరికే నిలబడిపోవాలి. అది అన్యాయం.

మన ఉక్కకు మేకప్ కారుతుంది. చెమట తుడవకండి, మెత్తటి గుడ్డతో అద్దండి. పైపెదవి మీద జిడ్డుంటే పెట్టుడు మీసం ఊడుతుంది, గమ్ము రాసేముందు శుభ్రంగా తుడుచుకోండి. తీసేటప్పుడు పీకొద్దు, కొబ్బరినూనె పట్టించి కాసేపు నాననివ్వండి.

పిల్లల పరీక్షలు కూడా అప్పుడే. రిహార్సల్ తేదీలు ఇంట్లో ఇప్పుడే చెప్పండి. ఒంగోలు, కావలి వాళ్లు రాత్రి తిరుగు రైలు చూసుకోండి.