చిన్న దేశాల హీట్లు, మన జిల్లా మీట్లు

సంపాదకులకు నమస్కారం.

ఒలింపిక్స్‌లో ఏదో దీవి నుంచి వచ్చిన రన్నర్ వంద మీటర్లలో ఆఖర్న వస్తే, ‘ఇతన్నెట్లా రానిచ్చారు’ అని నవ్వుకోవడం మామూలైపోయింది. రానిచ్చింది నిబంధనే. అర్హత సాధించిన అథ్లెట్లు లేని దేశాలకు అథ్లెటిక్స్‌లో యూనివర్సాలిటీ కోటా ఉంటుంది. మనిషికి ఒక్కటే ఈవెంట్. 10,000 మీటర్లకు, పది ఈవెంట్ల డెకాథ్లాన్‌కు ఇది వర్తించదు. పారిస్ 2024లో పురుషుల వంద మీటర్ల అర్హత 10.00 సెకన్లు. ఆ టైమింగ్ లేని కోటా రన్నర్లు ముందు ప్రిలిమినరీ రౌండ్ దాటాలి, ఆ తర్వాతే పేరున్నవాళ్ల పక్కన లేన్ దొరుకుతుంది.

పసిఫిక్ దీవుల దేశం తువాలు. దాని జనాభా సుమారు 11 వేలు. పారిస్‌కు ఇద్దరే వెళ్లారు, ఇద్దరిదీ వంద మీటర్లే. తువాలులో ప్రాక్టీసు చేసేది విమానాల రన్‌వే మీద. తారు మీద స్పైక్స్ (మేకుల బూట్లు) పనికిరావు, పాదం ఆనించే స్టార్టింగ్ బ్లాక్ దిగదు, ముంగాళ్లు పట్టేస్తాయి. మట్టి ట్రాకే కాస్త నయం!

అదే పారిస్‌లో కరీబియన్ దీవి సెయింట్ లూసియాకు చెందిన జూలియన్ ఆల్‌ఫ్రెడ్ 10.72 సెకన్లలో మహిళల వంద మీటర్ల స్వర్ణం గెలిచింది. ఆ దేశ జనాభా ఒంగోలు నగరం కంటే తక్కువ. అక్కడి స్టేడియం, 2009లో ఆసుపత్రి కాలిపోయాక, ఆసుపత్రిగా మారిపోయింది. ఆమె పద్నాలుగేళ్లకే జమైకా వెళ్లింది, ఆ తర్వాత టెక్సాస్ యూనివర్సిటీలో తర్ఫీదు పొందింది. ‘చిన్న దేశం సాధించింది, మనమెందుకు సాధించలేం’ అని రాసేవాళ్లు ఈ సంగతి వదిలేస్తారు.

మన దగ్గర అసలు చిక్కు టైమింగ్‌లో ఉంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల స్కూలు మీట్లలో చేతి వాచీయే గతి. క్లాపర్ (స్టార్ట్ ఇచ్చే జంట చెక్కలు) కలిసినప్పుడు చూసి వాచీ నొక్కాలి. చప్పుడు విని నొక్కితే, ఆ శబ్దం వంద మీటర్లు రావడానికే దాదాపు 0.29 సెకన్లు పడుతుంది; ఆ మేరకు పిల్లాడి టైమింగ్ ఊరికే తగ్గిపోతుంది. విజిల్‌తో స్టార్ట్ ఇస్తే కంటికి కనిపించేదే ఉండదు. వాచీలో 11.11 వస్తే 11.2 అని రాయాలి, 11.1 కాదు. ముగ్గురు టైమ్‌కీపర్లకు మూడు రకాలుగా వస్తే మధ్యది తీసుకోవాలి. ఇద్దరే ఉంటే ఎక్కువది. ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో పోల్చాలంటే 100, 200 మీటర్లకు మరో 0.24 కలపాలి. అంటే 11.2 అసలు విలువ 11.44.

గాలి సంగతి మరీ అన్యాయం. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక వీపు వైపు నుంచి వీస్తే, సెకనుకు రెండు మీటర్ల వేగానికే పదో వంతు సెకను కలిసొస్తుంది. అంతకు మించితే ఆ టైమింగ్ రికార్డుకు పనికిరాదు. గాలి కొలిచే విండ్ గేజ్ ఫినిష్‌కు 50 మీటర్ల దూరంలో, ట్రాకు నుంచి రెండు మీటర్ల లోపు, 1.22 మీటర్ల ఎత్తున పెట్టి పది సెకన్లు కొలవాలి. అది లేకుండా ‘జిల్లా రికార్డు’ అని అచ్చేస్తే, ఆ కుర్రాడు రాష్ట్ర స్థాయి సింథటిక్ ట్రాకు మీద అర సెకను వెనకబడి, తనకేదో అయిందని బెంగపెట్టుకుంటాడు.

అందుకే మీ జిల్లా క్రీడాపేజీలో ఫలితాలు వేసేటప్పుడు చేతి టైమింగ్ పక్కన ‘చే’ అనీ, గాలి కొలవకపోతే ‘గా.లే.’ అనీ వేయగలరు. రెండు మూడక్షరాల చోటే కదా.

ఇట్లు,
కొందరు వ్యాయామ ఉపాధ్యాయులు,
కావలి