వానలు మొదలయ్యాయి, కరెంటుతో జాగ్రత్త

అందరికీ నమస్కారం. డాబా మీద బట్టలారేసే ఇనుప తీగలను దయచేసి ఈ వారమే విప్పేసి నైలాన్ తాళ్లు కట్టుకోండి. సర్వీసు వైరు ఆ తీగకు రాసుకుని పైతొడుగు అరిగిందంటే, తడిబట్ట వేసిన చేతికే షాక్ కొడుతుంది.

ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అది వైర్లు కాలిపోకుండా ఆపుతుంది, అంతే. మనిషిని కాపాడటానికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) కావాలి. దాని మీద ‘టి’ అని ఉన్న చిన్న బటన్‌ను నెలకోసారి నొక్కి చూడండి. మీట టక్కున పడాలి. పడకపోతే వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. (సీరియల్ మధ్యలో నొక్కితే ఇంట్లో జరిగే గొడవకు నా పూచీ లేదు.)

బకెట్లో హీటర్ రాడ్ పెట్టేవారు స్విచ్ ఆపి, ప్లగ్గు తీసిన తరువాతే నీళ్లలో వేలు పెట్టండి. పిల్లలున్న ఇంట్లో ఆ రాడ్ అసలు వద్దనే నేనంటాను.

ఎవరికైనా షాక్ కొడితే చేత్తో పట్టుకుని లాగవద్దు. ముందు మెయిన్ ఆపండి, తరువాత 108కి ఫోన్ చేయండి. వీధిలో తీగ తెగిపడితే దగ్గరికి ఎవరినీ పోనివ్వకుండా కరెంటు వాళ్ల నంబరు 1912కు ఫోన్ చేసి చెప్పండి.