చివరి వారం కాదు, మొదటి వారం పంపండి

సంపాదకులకు నమస్కారం.

మాది గాజువాకలో వెల్డింగ్ షాపు. గేట్లు, గ్రిల్సు, మెట్ల రెయిలింగులు, ఇదీ మా పని. ఏటా ఫైనార్ట్స్ చదివే పిల్లలు కొంతమంది ఫోన్‌లో ఏదో బొమ్మ పట్టుకుని వస్తారు, అదీ ఎప్పుడు, సబ్మిషన్ ఇంకో నాలుగు రోజులుందనగా. "అంకుల్, ఆరడుగుల మనిషి బొమ్మ, స్టీల్‌తో, ఎంతవుతుంది?" అంటారు. రాడ్డా, రేకా? ఎక్కడ నిలబెడతారు? ఏ గుమ్మంలోంచి తీసుకెళ్తారు? అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఉక్కు ఫ్యాక్టరీ పక్కన పుట్టి పెరిగిన పిల్లలకి కూడా రాడ్డు మీటరుకి ఎంత తూగుతుందో తెలీదు. పిల్లల్ని తిట్టడానికి కాదు ఈ ఉత్తరం, వాళ్ల మేష్టార్లకి రెండు ముక్కలు చెబుదామని.

ఒకసారి అలాగే హడావిడిగా చేసిచ్చిన బొమ్మ, చేతులు బార్లా చాపిన మనిషి, వాళ్ల క్లాసు గుమ్మంలో పట్టలేదు. గ్రైండర్ పట్టుకెళ్లి వరండాలోనే ఒక చెయ్యి కోసి, లోపల మళ్లీ అతికించి వచ్చాను. మార్కులు బాగానే వచ్చాయట. బొమ్మ చేసింది నేను, మార్కులు వాళ్లకి, సరే దానికేం గానీ, ఆ పిల్లలు నేర్చుకున్నదేంటి?

కిందటేడు ఒకమ్మాయి మాత్రం ఆరు వారాల ముందే వచ్చింది. నెత్తిన చేపల గంపతో అడుగు ముందుకేస్తున్న ఆడమనిషి బొమ్మ చెయ్యాలట. కాగితం మీద చాలా అందంగా గీసుకొచ్చింది. ముందు బైండింగ్ వైరుతో అడుగెత్తు బొమ్మ చెయ్యి తల్లీ అన్నాను. అరగంటలో చేసింది. గంప బదులు దాని తల మీద ఒక పెద్ద నట్టు పెట్టాను, బొమ్మ బోర్లా పడింది. ముందు కాలు ఇంకాస్త ముందుకి జరిపింది, ఈసారి పక్కకి ఒరిగింది. చివరికి గంపని వేలెడంత వెనక్కి తెచ్చి, నడుం కొద్దిగా తిప్పి, తాపీ మేస్త్రీల గుండు దారం గంప మధ్యలోంచి వేలాడదీస్తే గుండు రెండు పాదాల మధ్యకి వచ్చింది, అప్పుడు నిలబడింది. తమాషా ఏంటంటే, నడుం తిప్పాకే అది నిజంగా బరువు మోస్తున్న మనిషిలా కనిపించింది. ఆ అమ్మాయే అంది ఆ మాట, నాకు అంత తెలీదు.

తర్వాత లెక్క. రాడ్డు మందం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎం రాడ్డు అయితే 890 గ్రాములు. 3 ఎంఎం రేకు చదరపు మీటరుకి 23 కిలోల పైమాటే. తను అనుకున్న రేకు గంప, రెండడుగుల వెడల్పు, అరడుగు లోతు, ఒక్కటే 13 కిలోలు దాటింది, అంత బరువు ఆరడుగుల ఎత్తున! దాన్ని మానేసి 6 ఎంఎం రాడ్డు వంచి అల్లితే మూడు కిలోల్లోపే అయిపోయింది, పైగా నిజం గంపలాగే ఉంది. కింద 10 ఎంఎం ప్లేటు, రెండడుగులకి రెండడుగులు, 29 కిలోలు. బరువు కిందుండాలి, పైన కాదు. ఇంగ్లండులో గేట్స్‌హెడ్ దగ్గర 1998లో నిలబెట్టిన ఏంజెల్ ఆఫ్ ది నార్త్ అనే పెద్ద ఉక్కు విగ్రహం ఫోటో తనే చూపించింది, పైన ఉక్కు 200 టన్నులైతే కింద భూమిలో కాంక్రీటు 600 టన్నులట.

మేం గేటు చేసేముందు నేల మీద చాక్‌పీసుతో సైజుకి సైజు గీస్తాం. బొమ్మకీ అదే చేశాం. మనిషి ఎత్తు ఏడున్నర తలలు అని తను చెప్పింది, అంటే ఆరడుగులకి తల తొమ్మిదిన్నర అంగుళాల పైన. అది నేను నేర్చుకున్నా. ఒక పక్కే వరసగా వెల్డింగ్ లాగితే చల్లారేటప్పుడు ఇనుము అటు గుంజేస్తుంది, అందుకే ముందు అన్నిచోట్లా టాకులు, అంటే చుక్కల్లాంటి చిన్న అతుకులు కొట్టి, ఆ తర్వాత అటో ముక్క ఇటో ముక్క నింపాలని నేను చెప్పా. వినకుండా ఒక పిక్క వంకర చేసుకుని, కోసి మళ్లీ చేసింది. నడుం దగ్గర చీర మడత కింద బోల్టులు పెట్టి రెండు భాగాలు చేశాం, గుమ్మం గొడవే లేదు.

పాత ఇనుముతో చేస్తామనే పిల్లలు కూడా వస్తుంటారు. తెనాలిలో శిల్పులు 2021లో తుక్కుతోనే 14 అడుగుల మోదీ విగ్రహం చేశారు, అది చూసి వీళ్లకీ హుషారు. మంచిదే. కానీ బైకు షాకబ్జార్బర్‌ని విప్పకుండా వేడి చేస్తే పేలుతుంది. జింకు పూత ఉన్న జీఐ పైపుని అలాగే వెల్డ్ చేస్తే ఆ పొగకి సాయంత్రానికి చలిజ్వరం. నల్లద్దం అడ్డం లేకుండా వెల్డింగ్ వెలుగు చూస్తే అప్పటికేం అనిపించదు, అర్ధరాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుంది. ఇవి డ్రాయింగు షీటు మీద కనపడవు కదండీ.

అందుకే అడుగుతున్నా, మేష్టార్లూ, ప్రాజెక్టు ఇచ్చిన మొదటి వారంలోనే పిల్లల్ని దగ్గర్లో ఉన్న వెల్డింగ్ షాపుకి పంపండి. వీలైతే మీరూ వాళ్లతో రండి. వైరు బొమ్మకీ, బరువు లెక్కకీ కూడా మార్కులు వెయ్యండి. మా షాపు ఆదివారం మధ్యాహ్నం దాకా తీసే ఉంటుంది, చూపించినందుకు డబ్బులేం తీసుకోను. కాటన్ బట్టలు, బూట్లు వేసుకుని రమ్మనండి. నైలాన్ చున్నీతోనో చెప్పులతోనో వస్తే మాత్రం గుమ్మం బయటే నిలబెడతాను.

- ఒక వెల్డింగ్ షాపు యజమాని, గాజువాక, విశాఖపట్నం