రాత్రి నగరం కోసం కెమెరా: ముందు లెన్సు చూడాలి

సంపాదకులకు నమస్కారం.

పండుగ సెలవులు దగ్గరపడగానే పత్రికల్లోనూ దుకాణాల ప్రకటనల్లోనూ కెమెరాల ప్రస్తావన పెరుగుతుంది. మెగాపిక్సెళ్లు ఎన్ని, జూమ్ ఎంత దూరం లాగుతుంది, బాడీ (లెన్సు కాక మిగిలిన కెమెరా) కొత్తదా పాతదా అన్న విషయాలకే వాటిలో పెద్దపీట వేస్తారు. కుటుంబంతో కలిసి నగరాలు చూడబోయేవారు పగలంతా తిరగడంలో గడిపి, ఇష్టపడి ఫొటోలు తీసుకునేది ఎక్కువగా దీపాలు వెలిగాకే. ఆ సమయంలో పై మూడింటికన్నా లెన్సులోంచి ఎంత వెలుతురు లోపలికి వస్తుందన్నదే ముఖ్యమని, ఖర్చు పెట్టేముందే ఈ సంగతి పాఠకులకు తెలియాలని ఈ లేఖ రాస్తున్నాను.

చాలా కెమెరాలతో పాటు వచ్చే 18–55 మిల్లీమీటర్ల కిట్ లెన్సును జూమ్ చివరిదాకా తిప్పితే దాని ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది; ఈ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది. ఎఫ్ 1.8 ఉన్న ప్రైమ్ లెన్సు, అంటే జూమ్ లేని లెన్సు, దానికన్నా దాదాపు పది రెట్లు వెలుతురును రానిస్తుంది. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో గాజులు బేరమాడుతున్న మనిషిని తీయడానికి కిట్ లెన్సుకు సెకనులో పదోవంతు సమయం పట్టిందనుకుంటే, ప్రైమ్ లెన్సుకు సెకనులో వందోవంతు చాలు. మొదటి ఫొటోలో గాజులు తొడిగించుకుంటున్న చేయి చెదిరిపోతుంది, రెండోదానిలో గాజుల అంచులు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. కిట్ లెన్సుతోనే అంత వేగం రావాలంటే ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) 1600 నుంచి 16000 దాకా పెంచాలి, అప్పుడు ఫొటో నిండా గరుకుదనం వచ్చి చేరుతుంది. ఇంత తేడా తెచ్చే ఈ లెన్సు ధర మాత్రం చాలా కంపెనీల్లో కొత్త బాడీ ధరలో చిన్న భాగమే. అందువల్ల ఇంట్లో ఉన్న పాత బాడీని అమ్మి కొత్తది కొనే ఆలోచనను వాయిదా వేసి, ఆ డబ్బులో కొంత లెన్సు మీద పెట్టమని నా మనవి.

ఏ ప్రైమ్ లెన్సు అన్న దగ్గర కూడా కొంత జాగ్రత్త అవసరం. చవకగా దొరుకుతుంది కనుక దుకాణదారులు సాధారణంగా 50 మిల్లీమీటర్ల లెన్సునే చేతిలో పెడతారు. కానీ మనలో ఎక్కువమంది దగ్గర ఉండే ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సర్ కెమెరాకు తగిలిస్తే అది పెద్ద సెన్సరుండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద సుమారు 75 మిల్లీమీటర్ల లెన్సు చూపినంత ఇరుకైన దృశ్యాన్నే చూపుతుంది. ముఖచిత్రాలకు అది చక్కగా సరిపోతుంది గానీ, పాతబస్తీ సందుల్లో మనిషినీ, వెనకున్న దుకాణాన్నీ, పైనున్న దీపాల వరుసనూ ఒకే ఫొటోలో ఇమడ్చాలంటే వెనక్కి జరగడానికి చోటుండదు. అలాంటి కెమెరాకు 35 మిల్లీమీటర్లు, ఇంకా ఇరుకు చోట్లకు 24 మిల్లీమీటర్లు మేలు. ధర కొంచెం ఎక్కువైనా ఆ తేడా పెట్టదగినదే.

కొత్త కెమెరాల్లో, లెన్సుల్లో వణుకును అదుపుచేసే ఏర్పాటు ఉంది కదా, ఇక ఎక్కువ వెలుతురు రానిచ్చే లెన్సు ఎందుకని కొందరు అడుగుతారు. ఆ ఏర్పాటు అదుపుచేసేది మన చేతి వణుకునే, ఎదుటి మనిషి కదలికను కాదు. ఫోన్లలోని నైట్ మోడ్ కూడా వరసగా కొన్ని ఫొటోలు తీసి కలిపే పద్ధతే కనుక, కట్టడాలను బాగా చూపించినా పరుగెత్తే పిల్లల దగ్గరికి వచ్చేసరికి తరచూ తడబడుతుంది.

కదలనివాటిని తీసేటప్పుడు లెక్క పూర్తిగా మారిపోతుంది. 2020లో ప్రారంభమైన దుర్గం చెరువు తీగల వంతెనను చెరువు ఒడ్డు నుంచి తీయాలన్నా, హుస్సేన్‌సాగర్ మధ్యనున్న బుద్ధుడి విగ్రహాన్ని తీయాలన్నా, కెమెరాను కదలకుండా నిలిపి ఐఎస్ఓ 100 పెట్టి కొన్ని సెకన్లు షట్టర్ తెరిచి ఉంచితే సాధారణ కిట్ లెన్సే అద్భుతంగా పనిచేస్తుంది. అయితే దీనికోసం బరువైన ట్రైపాడ్‌ను ఊరంతా మోయమని నేను చెప్పను. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చార్మినార్ వంటి కట్టడాల ఆవరణలో దానికి ముందుగా అనుమతి తీసుకోవాలి, బయట రద్దీలో మూడు కాళ్లూ పరిస్తే నలుగురి దారికీ అడ్డం. జానెడు పొడవుండే చిన్న ట్రైపాడ్‌ను పిట్టగోడ మీద నిలిపి, బటన్ నొక్కిన కుదుపు తగలకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టుకుంటే చాలా సందర్భాల్లో పని జరిగిపోతుంది. ట్రైపాడ్ నిబంధనలను టికెట్ కౌంటర్ల దగ్గర తెలుగులో స్పష్టంగా రాసి పెట్టమని సంబంధిత అధికారులను కూడా ఈ లేఖ ద్వారా కోరుతున్నాను.

దసరాకు మైసూరు వెళ్లే తెలుగువారికి ప్రత్యేకంగా ఒక మాట. అక్కడి ప్యాలెస్ దీపాల కాంతి ఎంత ఎక్కువంటే, చేతిలో పట్టుకుని కిట్ లెన్సుతోనే తీయవచ్చు. సమస్య వెలుతురు చాలకపోవడం కాదు, ఆకాశం నల్లగా ఉండటం. ఆదివారాల్లో దీపాలు రాత్రి 7 గంటలకు వెలుగుతాయి. అక్టోబరులో అక్కడ సూర్యాస్తమయం 6 గంటల ప్రాంతంలోనే అయిపోతుంది కనుక, దీపాలు వెలిగేసరికి ఆకాశంలో నీలిరంగు మిగలదు. ఆ నల్లదనాన్ని చూసి కెమెరా మొత్తం దృశ్యాన్ని వెలిగించబోతుంది, దాంతో బల్బులన్నీ కలిసిపోయి తెల్లటి ముద్దగా మారతాయి. ఎక్స్‌పోజర్‌ను (ఫొటోకు అందే వెలుతురును) ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గిస్తే గోపురాల ఆకృతి నిలుస్తుంది. మే, జూన్ నెలల్లో సూర్యాస్తమయం 6.45 ప్రాంతంలో ఉంటుంది కనుక అప్పుడు వెళ్లేవారికి దీపాలూ నీలాకాశమూ ఒకేసారి దొరుకుతాయి. ఎంత ఖరీదైన కెమెరా కొన్నా ఈ తేడాను తీర్చలేదు.

లెన్సు ముందు రక్షణకోసం బిగించే యూవీ ఫిల్టర్‌ను రాత్రిపూట తీసేయడం మంచిది. లేకపోతే ప్రకాశవంతమైన దీపాల ప్రతిబింబాలు ఆకాశంలో పచ్చటి చుక్కలుగా పడే ప్రమాదం ఉంది. ఎల్ఈడీ బోర్డుల వెలుగులో ఫొటోలో అడ్డ చారలు వస్తుంటే షట్టర్‌ను సెకనులో వందోవంతుకో యాభయ్యోవంతుకో తగ్గించి చూడాలి. విమానంలో వెళ్లేవారు విడి బ్యాటరీలను చెక్-ఇన్ పెట్టెలో కాకుండా చేతి సంచిలోనే ఉంచుకోవాలి.

చివరగా, మీ పత్రికకు ఒక విన్నపం. పర్యాటక పేజీల్లో నగరాల రాత్రి దృశ్యాలను ఎంతో అందంగా ముద్రిస్తున్నారు. ఆ ఫొటో కింద ఏ లెన్సుతో, ఏ ఎపర్చర్, ఏ షట్టర్ వేగంతో, ఎన్ని గంటలకు తీశారో ఒక్క పంక్తిలో ఇవ్వగలిగితే, ప్రయాణానికి సిద్ధమవుతున్న పాఠకుడు తన దగ్గరున్న కెమెరాతో అది సాధ్యమో కాదో దుకాణానికి వెళ్లకముందే తేల్చుకోగలుగుతాడు. దయచేసి పరిశీలించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయవాడ.