పాత రాళ్లను కాపాడే పిల్లలకు గ్రాంటు కావాలి

సంపాదకులకు నమస్కారం.

సుమారు క్రీ.శ. 890 నాటి బేగూరు శాసనంలోనే బెంగళూరు పేరు కనిపిస్తుంది; అంత పాత ఊరు మనది. మా వీధిలోని కాలేజీ పిల్లలు కొందరు ఏడాదిగా ఆదివారాల్లో శివార్లలోని ఒక పాత మండపం చుట్టూ ముళ్లపొదలు నరికి, మెత్తటి కుంచెలతో దుమ్ము దులుపుతున్నారు. బస్సు ఛార్జీల నుంచి చేతితొడుగుల దాకా ఖర్చంతా వారిదే. సాయం కోరి ఒక కార్యాలయానికి వెళితే, సంఘం రిజిస్టరై ఉండాలనీ, ముందు ఖర్చుపెట్టి తర్వాత బిల్లులు పెట్టుకోవాలనీ చెప్పారట. పందొమ్మిదేళ్ల పిల్లలు ఆ పెట్టుబడి ఎక్కడ తెస్తారు?

ఆ మండపంలోనే ఎవరో, బహుశా భక్తితోనే, రాళ్ల సందుల్లో సిమెంటు పూశారు. సున్నపు గచ్చు తేమను బయటికి వదులుతుంది, సిమెంటు వదలదు. లోపల చిక్కిన తేమ, ఉప్పు కలిసి రాతి అంచును పొరలుగా లేపుతాయి. అక్కడ వేలు తగిలితే చాలు, పెచ్చు రాలుతోంది. కనుక గ్రాంటులో మొదటి వాటా గచ్చు పని తెలిసిన మేస్త్రీకి, పిల్లలకు నేర్పినందుకు, రోజుకూలీగా ముట్టాలి.

1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాలను అనుమతి లేకుండా ముట్టుకోకూడదు, అది సబబే. ఏ జాబితాకూ ఎక్కని మండపాలకైనా పురావస్తు నిపుణుల పర్యవేక్షణలో, కాలేజీల ద్వారా, ముందస్తుగా చిన్న మొత్తాలు విడుదల చేయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, బెంగళూరు